పాత పేపర్లు తూకానికి వేసే ముందు

సంపాదకుడు గారికి,
నమస్కారం.

‘ఇప్పుడన్నీ నెట్‌లో దొరుకుతున్నాయి కదా’ అన్న ఒక్క మాట మీద గ్రంథాలయాల్లో పాత దినపత్రికలు, వారపత్రికలు తూకానికి వెళ్లిపోతున్నాయి. చదివేసిన పేపర్లను వేలం వేయడం కొత్తేమీ కాదు. బల్ల మీద పదిమంది చేతులు మారిన పేపరును ఎన్నాళ్లని దాస్తారు? మా అభ్యంతరం దాని మీద కాదు. భద్రపరచాలని పక్కన పెట్టిన సెట్లు, బైండు చేయించిన సంపుటాలు కూడా అదే తూకంలో కలిసిపోతున్నాయి. ఈ ఉత్తరం వాటి గురించే.

వెబ్‌సైట్‌లో పెట్టిన వార్త వేరు, అచ్చయిన పేజీ వేరు. పొద్దున పెట్టిన వార్తను సాయంత్రానికి మార్చొచ్చు, తీసేయొచ్చు, మార్చినట్టు ఆనవాలు కూడా ఉండదు. ఈ-పేపర్ అచ్చు పేజీకి నకలే గానీ సైటు మారినా, చందా ఆగినా పాత లింకు తెరుచుకోదు. అన్నిటికంటే ముందు గల్లంతయ్యేది జిల్లా అనుబంధం. చెరువు గండి, యార్డులో మిర్చి ధర, పంచాయతీ ఎన్నికలో ఎవరికెన్ని ఓట్లు వచ్చాయన్నది అందులోనే ఉంటాయి, రాజధాని ఎడిషన్‌లో ఉండవు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్తలు కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి పుస్తకాలు పంపాలి. 1956 సవరణతో దినపత్రికలూ అందులో చేరాయి. అయినా ఇరవయ్యేళ్ల కిందటి మండల వార్త కోసం ఇక్కడి మనిషి కోల్‌కతా రైలెక్కాలా?

ఇది చరిత్ర పరిశోధకుల ముచ్చట మాత్రమే అనుకుంటే పొరపాటు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్‌ను స్థానికంగా చదివే రెండు దినపత్రికల్లో వేయాలి, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. పదేళ్ల తర్వాత నష్టపరిహారం తగాదా కోర్టుకెక్కితే ఆ రోజు పేపరు ఎవరి దగ్గరుందన్న ప్రశ్న వస్తుంది. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చూపిస్తే సరిపోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ నకలుకు ధ్రువపత్రం జతచేయాలి. సైటే మూతపడితే ఆ పత్రం మీద సంతకం పెట్టేదెవరు?

‘అయితే స్కాన్ చేసి కాగితం తీసేద్దాం’ అంటారు. స్కాన్ చేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. దినపత్రిక కాగితంలో కలప గుజ్జు తాలూకు లిగ్నిన్ అనే పదార్థం మిగిలే ఉంటుంది. వెలుతురు, గాలి తగిలేకొద్దీ పసుపెక్కి, ఆమ్లం పెరిగి, మడత దగ్గర చిట్లుతుంది. కానీ ఇల్లలకగానే పండగ కాదు. పుస్తకాలను నెట్‌లో పెట్టే ప్రభుత్వ ప్రాజెక్టు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ పుస్తకాలు తెరిచినవాళ్లకు తెలుసు, కొన్నిటిలో పేజీలు లేవు, కొన్నిటిలో అంచు తెగింది, పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా పడితే అలా ఎక్కాయి. తర్వాత ఆ సైటే ఆగిపోయింది. నకళ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత నెట్ గ్రంథాలయంలో ఉండబట్టి సరిపోయింది. పోయిన పేజీ మళ్లీ స్కాన్ చేయాలంటే అసలు పుస్తకం ఉండాలి కదా.

తెలుగు లిపికి ఇంకో చిక్కు ఉంది. పాత పేపరును ఫైలు చిన్నదవుతుందని కేవలం నలుపు-తెలుపులో స్కాన్ చేస్తారు. పసుపెక్కిన చోటు నల్ల మచ్చగా మారుతుంది, సన్నటి గీతలు ఎగిరిపోతాయి. ‘ప’కు తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’కు అతుక్కుని ఉంటుంది. ఆ సన్నటి ఎడం పూడిపోతే ప కాస్తా వ అవుతుంది. అడుగున చిన్న గీత మాసిపోతే ‘ధ’ వెళ్లి ‘ద’ అవుతుంది. ఇక కంప్యూటర్ అక్షరాలు గుర్తుపట్టే పని ఆ బొమ్మ మీదే జరుగుతుంది కాబట్టి, ఊరి పేరు కొట్టి వెతికితే వార్త ఉన్నా లేనట్టే చూపిస్తుంది. గ్రే స్కేల్‌లో, అంటే బూడిద రంగు ఛాయలు కూడా పట్టేలా, కనీసం 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), చిన్న అక్షరాల క్లాసిఫైడ్ పేజీలకు 400 పెట్టాలి. కాలమ్‌లు విడగొట్టకుండా చదివిస్తే పక్క వార్త వాక్యం ఈ వార్తలో దూరుతుంది. పెద్ద పేజీని ఏ3 స్కానర్ మీద రెండు ముక్కలుగా తీసి అతికించే పద్ధతి అసలొద్దు. అతుకు సరిగ్గా కాలమ్ మధ్యలోనే పడుతుంది. పై నుంచి కెమెరాతో తీసే స్కానర్లున్నాయి, జిల్లాకొకటి చాలు.

మొదటి నుంచీ డిజిటల్‌గానే తయారైన పేజీలైనా భద్రమా అంటే అదీ కాదు. పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో కట్టిన ఫైళ్లు యూనికోడ్ కావు, అంటే ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే ఉమ్మడి అక్షర సంకేతాల్లో ఉండవు. వాటి పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి చూడండి, పిచ్చి గుర్తులు వస్తాయి. కంటికి కనిపిస్తుంది గానీ వెతుకులాటకు దొరకదు.

కాగితం వైపు తప్పులు కూడా తక్కువేం కాదు. రోజుకు 12 పేజీలంటే 6 ఆకులు, నెలకు 180. బైండరు వాటిని కలిపి మడత నుంచి అర అంగుళం లోపలికి బెజ్జాలు వేసి కుడతాడు, ఆపైన మూడు వైపులా కటింగ్ మెషిన్‌లో పెట్టి చెక్కుతాడు. చూడటానికి ఇటుకలా ముచ్చటగా ఉంటుంది, లోపలి కాలమ్ మాత్రం కుట్టులోకి పోతుంది. బలవంతంగా విప్పితే చిరుగుతుంది. స్కాన్ చేశాకే బైండుకు పంపాలి, మడతలోనే దారంతో కుట్టించాలి, అంచులు చెక్కనివ్వకూడదు. అంత ఖర్చు వద్దనుకుంటే నెలకో అట్టపెట్టెలో పరిచి పెట్టినా చాలు. పెద్ద సంపుటాలను నిలబెట్టొద్దు, పడుకోబెట్టాలి. రాక్ నేలకు, గోడకు అరడుగు ఎడంగా ఉండాలి. తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది. కోస్తా జిల్లాల్లో వానాకాలం నిండా అదే పరిస్థితి గనుక కిటికీ పక్క గది ఇవ్వొద్దు. చిరుగులకు సెలోటేపు వేస్తే బంక పసుపు మచ్చవుతుంది. లామినేషన్ మరీ దారుణం, ఆమ్లాన్ని లోపలే బిగించేస్తుంది, మళ్లీ విప్పలేం. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం బైండర్ల అలవాటు. పురుగు సంగతేమో గానీ కాగితాన్ని అది తినేస్తుంది. చిరుగుకు పల్చటి టిష్యూ కాగితం, మైలుతుత్తం కలపని పిండి జిగురు చాలు.

డబ్బు ఎక్కడిదంటారేమో. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు జనం దగ్గర వసూలవుతూనే ఉంది. వసూలు చేసిన మున్సిపాలిటీలు, పంచాయతీలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమచేయడంలో చేసే జాప్యం మీ పత్రిక పాఠకులకు కొత్త వార్త కాదు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం పాత పత్రికలను దాచింది కాబట్టే నేటికీ పరిశోధకులు అక్కడికి వెళ్తున్నారు. ఊళ్లోవాళ్లు పెట్టుకున్న గ్రంథాలయం చేసిన పనిని, సెస్సు తీసుకునే సంస్థ చేయలేనంటే ఎలా?

వేలం ప్రకటన ఇచ్చే ముందు ఏ పత్రిక, ఏ నెలలు, వాటి ఇంకో సెట్టు జిల్లాలో ఎక్కడుందో జాబితా రాసి నోటీసు బోర్డులో పెట్టాలని జిల్లా గ్రంథాలయ సంస్థలను కోరుతున్నాం. ఇంకో సెట్టు లేకపోతే అది వేలంలోకి రాకూడదు.

మీ పత్రికకూ ఒక మనవి. జిల్లా అనుబంధంతో సహా రోజూ రెండు ప్రతులు జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పంపండి. ఒకటి బల్ల మీదికి, రెండోది నేరుగా పెట్టెలోకి. ఆ రెండో దాని మీద గ్రంథాలయం ముద్ర వార్తల మీద పడకుండా మార్జిన్‌లో వేయమని లైబ్రేరియన్‌కు చెప్పుకునే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
కొందరు గ్రంథాలయ పాఠకులు,
తెనాలి