ఆ కవరు మీద రాయని మాట

మావా,

ఆ రోజు నువ్వు ఫోన్ చేస్తే "అమ్మకి బాగోలేదు, తర్వాత చెప్తా" అని పెట్టేశాను కదా, ఏమీ అనుకోకు. అప్పుడు వార్డు బయట వరండాలో ఉన్నాను, గొంతులోంచి మాట రాలేదు. మొన్ననే ఇంటికి తీసుకొచ్చేశాం. ఇవాళ పొద్దున్న రెండు ఇడ్లీలు తింది. అది చూశాకే ఈ ఉత్తరం రాయడానికి కూచున్నాను.

అమ్మ కీళ్ళవాతం సంగతి నీకు తెలుసుగా. వేళ్ళు వాచిపోయి పాల పేకెట్టు కూడా కత్తిరించలేకపోయేది. డాక్టరుగారు మెథోట్రెక్సేట్ రాశారు. 7.5 మిల్లీగ్రాములు, వారానికి ఒక్కసారి, ఆదివారం రాత్రి. చీటీలో స్పష్టంగానే ఉంది, తర్వాత నేను పదిసార్లు చూసుకున్నాను. మా వీధి చివర మెడికల్ షాపులో నాన్న కొన్నారు. సాయంత్రం రద్దీ, కౌంటర్లో ఒక్కడే కుర్రాడు. స్ట్రిప్పు కత్తిరించి కాగితం కవర్లో వేసి, పైన పెన్నుతో "రాత్రి 1" అని రాసిచ్చాడు. అంతే. "వారానికి" అన్న మాట ఆ కవరు మీద లేదు.

నాన్న సంగతి నీకు తెలియనిదా? రోజూ భోజనం కాగానే గడియారం చూసుకుని మరీ వేయించారు. తొమ్మిది రాత్రులు.

ముందు నోరు పూసింది. వేడి చేసిందనుకుని మజ్జిగ, సబ్జా గింజలు పట్టించాం. తర్వాత చారన్నం కూడా మింగలేకపోయింది. జ్వరం వచ్చింది, ముక్కులోంచి రక్తం. పరీక్ష చేస్తే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. "వాడే మందులన్నీ కవర్లతో సహా తెండి" అన్నారు డ్యూటీ డాక్టరమ్మ. ఆ కవరూ చీటీ పక్కపక్కన పెట్టి చూసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత ఆవిడే చెప్పారు. ఈ మందు ఒంట్లో ఫోలేట్ అనే విటమిన్ పనిని అడ్డుకుంటుందట. నోటి పొర, పేగులు, ఎముక మూలుగ, ఇవన్నీ ఎప్పటికప్పుడు కొత్త కణాలు పుట్టించుకోవాలి. వారానికోసారి వేసుకుంటే మధ్యలో తేరుకుంటాయి, రోజూ వేస్తే ఆ వ్యవధే ఉండదు. ప్రాణాలు పోయినవాళ్ళున్నారన్నారు. విరుగుడు ఫోలినిక్ యాసిడ్. ఆసుపత్రిలో స్టాకు లేదు. రాత్రి పదకొండింటికి బండేసుకుని జగదాంబ జంక్షన్ నుంచి కేజీహెచ్ పెద్దాసుపత్రి వైపు షాపు షాపూ తిరిగాను. ఒకచోట ఫోలిక్ యాసిడ్ మాత్రలు చేతిలో పెట్టాడురా! ఫోలిక్, ఫోలినిక్. మధ్యలో ఒక్క "ని". వణుకు పుట్టింది నాకు. చివరికి ఒక పెద్దాయన చీటీ అందుకుని, మందు పేరు పైకి చదివి, "ఎవరికి బాబూ? ఏమైంది?" అని అడిగి, ఇంజెక్షన్ మీద పేరు నాకు చూపించి మరీ ఇచ్చాడు. ఆ రెండు ప్రశ్నలు మా వీధి షాపులో అడిగి ఉంటే ఇదంతా జరిగేదా?

చీటీ మందులు రిజిస్టరైన ఫార్మసిస్టే ఇవ్వాలని 1948 ఫార్మసీ చట్టంలోనే ఉంది. ఆ షాపులో సర్టిఫికెట్టు ఫ్రేము కట్టి గోడకుంది, ఆ మనిషిని మాత్రం నేనెప్పుడూ చూడలేదు. పోట్లాడదామనే వెళ్ళాను. కుర్రాడి మొహం చూస్తే నోరు రాలేదు, వాడికెవరు నేర్పారు గనక! నా కోపమంతా ఓనరు మీదే. డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి అర్జీ రాసిచ్చాను.

మీ నాన్నగారికి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి కదా. మెట్‌ఫార్మిన్ షుగరుకి, మెటోప్రొలాల్ బీపీకి, మెట్రోనిడజోల్ ఇన్ఫెక్షన్‌కి. హడావిడిలో "మెట్" దాకా చదివితే చాలనుకుంటారు. పైగా స్ట్రిప్పు ముక్కలు కోస్తే పేరు సగం, గడువు తేదీ సగం పోతాయి. నా మాట విని ఈ ఆదివారం ఆయన మందుల డబ్బా మంచం మీద బోర్లించి, చీటీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడు. ఏది తేడాగా అనిపించినా ఆయన డాక్టరుకి చూపించు.

ఇంకొక్కటిరా. నాన్న తేరుకోలేదు. రాత్రి భోజనం అవ్వగానే గడియారం వైపు చూసి లేచి వరండాలోకి వెళ్ళిపోతున్నారు. అమ్మ మందులు ముట్టుకోవడం లేదు, నన్నే ఇమ్మంటున్నారు. నువ్వొకసారి ఆయనకి ఫోన్ చెయ్యి. ఈ సంగతి ఎత్తకు. స్టీల్ ప్లాంటు రోజుల గురించి అడుగు, మాట్లాడతారు.

నీ
మావ