మల్లేపల్లి దారిలో కలిసిన పెద్దమ్మకు

మార్చి రెండో ఆదివారం మధ్యాహ్నం మాల్ ఊరు దాటి మల్లేపల్లి వైపు బండి మీద పోతున్న నాకూ, మా పాపకూ సాయం చేసిన పెద్దమ్మా, టెన్షన్‌లో మీ పేరు కూడా అడగలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పత్తి ఏరడం అయిపోయిన చెలకల్లో సుడిగాలి చూపిద్దామని పాపను తీసుకొచ్చాను. కాలిన నేల మీది వేడి గాలి గిర్రున తిరుగుతూ లేచి, ఎర్ర దుమ్మును తాటిచెట్టంత ఎత్తుకు తీసుకుపోయింది. కట్టెకు మిగిలిన పత్తి పింజలు అందులో తెల్లగా తిరుగుతుంటే పాప చప్పట్లు కొట్టింది. అంతలో అది మా మీదికే మళ్లింది. పాప కళ్ల నిండా దుమ్ము. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

పత్తి కట్టె పీకుతున్న మీరు పరుగున వచ్చారు. "నలపకు బిడ్డా, జర ఆగు" అని పాప చేతులు పట్టుకుని, మీరు తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ మెల్లగా కళ్లలో పోశారు. ఆ ఎండలో సాయంత్రం దాకా మీకున్నవి ఆ నీళ్లే. మీ వేళ్ల నిండా పత్తికాయ గీరిన గీతలు. అయినా ఎంత మెత్తగా తుడిచారో!

పాప కళ్లు బాగున్నాయి పెద్దమ్మా. మళ్లీ ఆ దారిన వస్తాం. ఈసారి నీళ్లు మేం తెస్తాం.