పొదుపు యంత్రాలతోనే భూమి గట్టెక్కుతుందా?

సంపాదకుల వారికి,

పర్యావరణం మీద ఈమధ్య మీరు రాసిన సంపాదకీయం చదివాను. తక్కువ కరెంటుతో నడిచే యంత్రాలు, బ్యాటరీ కార్లు వచ్చేస్తే చాలు, ఇప్పటి ఆర్థిక వ్యవస్థను ముట్టుకోకుండానే వాతావరణం కుదుటపడుతుందన్నారు. అంత సులువుగా కుదురుతుందని నాకు నమ్మకం లేదు.

ఈ ఆశలోని చిక్కును బ్రిటిష్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే పట్టుకున్నాడు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం పాతవాటికన్నా ఎంతో తక్కువ బొగ్గుతో పనిచేసేది. మరి దేశంలో బొగ్గు వాడకం తగ్గాలి కదా! తగ్గకపోగా పెరిగింది. ఖర్చు తగ్గేసరికి, అంతకుముందు గిట్టుబాటు కాని పనులకూ యంత్రాలు పెట్టారు. ఇంజిన్లు మెరుగైన కొద్దీ కార్ల సైజు పెరగడం మనం చూస్తున్నదే.

ఆదా అయిన డబ్బు ఊరికే కూర్చోదు. మళ్లీ పెట్టుబడిగా మారి ఇంకా సరుకు తీయమంటుంది, ఇంకా అమ్మమంటుంది. ఏటా 3 శాతం వృద్ధి అంటే చిన్న అంకెలాగే కనిపిస్తుంది. చక్రవడ్డీ లెక్కన అది 24 ఏళ్లలో రెట్టింపు, వందేళ్లలో 19 రెట్లు. అప్పు మీద చక్రవడ్డీ అంటే టెన్షన్ పడేవాళ్లం, వృద్ధి విషయంలో మాత్రం చప్పట్లు కొడతాం.

అమ్మకాలు ఆగకూడదంటే వస్తువు తొందరగా పాడవ్వాలి. ఇది నా అనుమానం కాదు. 1924 చివర్లో పెద్ద పెద్ద బల్బుల కంపెనీలు జెనీవాలో 'ఫీబస్' పేరుతో జట్టు కట్టాయి. బల్బు వెయ్యి గంటల దగ్గర ఆగిపోవాలని నియమం పెట్టుకున్నాయి. అంతకన్నా చాలా ఎక్కువసేపు వెలిగేవి అప్పటికే ఉన్నాయి, అలాంటివి చేసిన సభ్యులకు జరిమానా వేశాయి! ఇవాళ నా ఫోనులో బ్యాటరీ మార్చాలంటే ముందు జిగురు కరిగించాలి.

పరిశ్రమలను ప్రభుత్వం చేతిలోకి తీసుకుంటే సరిపోతుందా అంటే, అదీ కాదు. సోవియట్ ప్రణాళికలు పత్తి కోసం ఆము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లను మళ్లించి, మధ్య ఆసియాలోని అరల్ సముద్రం దాదాపు ఎండిపోయేలా చేశాయి. అక్కడ లాభం బదులు టార్గెట్ ఉంది, అంతే తేడా. ప్రకృతి ఎంత తట్టుకోగలదో ముందు హద్దు గీసి, ఆ తర్వాతే ఎంత తయారు చేయాలో తేల్చుకోవాలి. ఇది జరగని పనేమీ కాదు. ఓజోన్ పొరను తినేసే రసాయనాలను 1987 మాంట్రియల్ ఒప్పందంతో దశలవారీగా ఆపగలిగారు. అడవులు, పచ్చిక బయళ్లు, చేపల వేట వంటివాటిని స్థానికులే కట్టుబాట్లు పెట్టుకుని తరాల తరబడి కాపాడుకున్న తీరును పరిశోధించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఫ్రాన్స్‌లో 2021లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల మీద రిపేరు ఎంత సులువో పదికి మార్కులు వేసి చూపించాలన్న నిబంధన తెచ్చారు. ఇది చిన్న అడుగే, కానీ కొనేవాడి చేతికి ఒక ఆయుధం.

మీకు ఒక విన్నపం. బిజినెస్ పేజీలో రోజూ షేర్ల సూచీ, చమురు ధర వేస్తారు. వాటి పక్కనే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కూడా వేయండి. హవాయిలోని మౌనా లోవాలో 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు అది పది లక్షల భాగాల్లో 315 దగ్గర ఉండేది, ఇప్పుడు 420 దాటింది. ఒక్క లైను చోటు చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు