ఆడని ఆటకు ర్యాంకులా?

సంపాదకుల వారికి,

మీ అమెరికా పేజీలో కాలేజీ ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) జట్ల ర్యాంకులు వేశారు. ఎవరు ఎన్ని గెలిచారో, ఎన్ని ఓడారో ఉంది. ఎవరి మీద గెలిచారన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. నా పేచీ అక్కడే.

మేం డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి టెక్సస్ ఏ అండ్ ఎంలో, మా తోడల్లుడి గారి అమ్మాయి ఆస్టిన్ యూటీలో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) చదువుతున్నారు. రెండూ ఎస్‌ఈసీ జట్లే. (మన దగ్గర ఎస్‌ఈసీ అంటే రాష్ట్ర ఎన్నికల సంఘం, ఇక్కడ సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్, అంటే తమలో తాము లీగ్ ఆడుకునే కాలేజీ జట్ల కూటమి. గొడవలకు మాత్రం రెండూ రెండే.) 2024లో యూటీ, ఓక్లహామా వచ్చి చేరాక ఇందులో 16 జట్లయ్యాయి. ఆ ఏడాది ఒక్కో జట్టు కాన్ఫరెన్స్‌లో ఆడింది ఎనిమిది మ్యాచ్‌లే. అంటే ఏడు జట్ల మొహం చూడకుండానే లీగ్ అయిపోయింది. ఐపీఎల్‌లో పది జట్లున్నా, ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో కనీసం ఒక్కసారైనా ఆడుతుంది కదా!

ఆ 2024 సీజన్ అయిపోయినా మా ఇంట్లో ఇంకా అవలేదు. ఓ శనివారం భోజనాల దగ్గర అమ్మాయి అంది: "మీ గ్రౌండ్‌కే వచ్చి 17-7తో కొట్టాం కదరా, ఇంకేం మాట్లాడతావ్?" నిజమే. 2011 తర్వాత మళ్లీ అప్పుడే ఆ రెండు జట్లూ తలపడ్డాయి. మావాడు ఊరుకోలేదు. "అది సరే అక్కా, మీరు కాన్ఫరెన్స్‌లో 7-1తో, అంటే ఏడు గెలిచి ఒకటి ఓడి, పైన కూర్చున్నారు. పట్టికలో మీ వెనకే ఉన్న ఎనిమిది జట్లలో మీరు ఆడింది మాతో, జార్జియాతో. అందులో జార్జియా మిమ్మల్ని మీ ఊళ్లోనే 30-15తో ఓడించింది."

తర్వాత పులిహోర తిన్న పేపర్ ప్లేటు తిరగేసి, నాలుగు పేర్లు గుండ్రంగా రాసి బాణాలు గీశాడు. ఏ అండ్ ఎం ఎల్‌ఎస్‌యూని (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 38-23తో కొట్టింది. ఎల్‌ఎస్‌యూ ఓల్ మిస్‌ని (మిసిసిపి యూనివర్సిటీ) ఓవర్‌టైమ్‌లో 29-26తో. ఓల్ మిస్ సౌత్ కరోలినాని 27-3తో. సౌత్ కరోలినా ఏ అండ్ ఎంని 44-20తో. నూనె మరక మీద పెన్ను సాగక ఆఖరి బాణం మూడుసార్లు దిద్దాడు. కాన్ఫరెన్స్‌లో నాలుగు జట్లూ 5-3. అలబామా, మిజోరీ కూడా అంతే. "ఇప్పుడు చెప్పు, పైన మూడు జట్లు పోను, ఈ ఆరింటిలో నాలుగో స్థానం ఎవరిది, తొమ్మిదోది ఎవరిది?" అమ్మాయి కాసేపు ప్లేటు వంక చూసి పెరుగు వడ్డించుకుంది.

అలబామా అభిమానుల వాదన నాకు మింగుడుపడదు. దేశం మొత్తానికి విజేతను తేల్చే ప్లేఆఫ్‌కు 12 జట్లను ఎంచే కమిటీ, ఆ సీజన్‌లో బయటి మ్యాచ్‌లతో కలిపి 9-3గా ఉన్న అలబామాని పక్కనపెట్టి, వేరే కాన్ఫరెన్స్‌లో ఉన్న, మా పక్క డల్లాస్ జట్టు ఎస్‌ఎంయూని (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) 11-2తో తీసుకుంది. 'మాది కష్టమైన కాన్ఫరెన్స్' అని వాళ్లు గోల చేశారు. జార్జియాని 41-34తో ఓడించి, మరుసటి శనివారమే వాండర్‌బిల్ట్ చేతిలో 40-35తో ఓడిందెవరు? పేరు చూసి సీటు ఇవ్వడానికి ఇదేమైనా పెళ్లి పందిరా?

2026 నుంచి తొమ్మిది మ్యాచ్‌లు ఆడాలని ఎస్‌ఈసీ నిర్ణయించింది. మంచిదే. అయినా ఇంకా ఆరు జట్లు మిగులుతాయి. కాబట్టి మీరు పట్టిక వేసేటప్పుడు ప్రతి జట్టు పక్కనా అది ఎవరితో ఆడిందో చిన్న అక్షరాల్లోనైనా వేయండి. లెక్క తేలనిచోట ఆరు జట్లుంటే ఆరింటికీ నాలుగో స్థానమే ఇవ్వండి. ఆ పేపర్ ప్లేటు ఇంకా మా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది, కావాలంటే ఫొటో పంపుతాను.

- ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్