అండమాన్ ట్రిప్‌లో రెండు రాత్రులు పెంచుతున్నాం, ధర ఎందుకు పెరుగుతుందో చెబుతాను

అందరికీ నమస్కారం. ఈ సీజన్ నుంచి మా అండమాన్ ట్రిప్ నాలుగు రాత్రులు కాదు, ఆరు రాత్రులు. దాంతో ధర కూడా పెరుగుతోంది. "పక్కవాళ్ళు నాలుగు రాత్రుల్లోనే అన్నీ చూపిస్తామంటున్నారు కదండీ, మీకెందుకు ఆరు?" అని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఒక్కొక్కరికీ ఫోన్‌లో సగం సగం చెప్పేకంటే ఒకేసారి వివరంగా రాస్తే మేలనిపించింది.

నాలుగు రాత్రుల ప్లాన్‌లో అన్యాయమైపోయేది నీల్ దీవి. 2018 డిసెంబర్‌లో నీల్‌కు షహీద్ ద్వీప్ అని, హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. మీ టికెట్ల మీద కొత్త పేర్లు కనిపిస్తే కంగారు పడకండి. మాట్లాడేటప్పుడు అందరం పాత పేర్లే వాడుతున్నాం కాబట్టి ఇక్కడా అవే రాస్తున్నాను.

మామూలు ప్యాకేజీలో పొద్దున్నే హావ్‌లాక్‌లో పడవ ఎక్కి నీల్‌లో దిగుతారు. నాలుగైదు గంటలు ఆటోలో తిరుగుతారు. సాయంత్రంలోపు పోర్ట్ బ్లెయిర్ పడవ ఎక్కేస్తారు. అయితే నీల్‌లో చూడాల్సినవాటిలో ముఖ్యమైన రెండు చోట్లకు సముద్రం ఒకే సమయంలో వీలివ్వదు. భరత్‌పూర్ బీచ్‌లో అద్దం అడుగున్న పడవలో పగడాలు చూడాలంటే పోటు ఉండాలి. ఆటు సమయంలో నీళ్ళు బాగా వెనక్కి పోయి, పడవ తిరిగేంత లోతు ఉండదు. లక్ష్మణ్‌పూర్ వైపు సముద్రం తొలిచిన రాతి వంతెనకు సరిగ్గా దీనికి వ్యతిరేకం. అక్కడికి ఆటు సమయంలోనే వెళ్ళాలి. నీళ్ళు తగ్గాక రాళ్ళ మధ్య గుంటల్లో చిన్న చేపలు, పీతలు, సముద్ర దోసకాయలు అనే మెత్తటి జీవులు మిగిలి ఉంటాయి. పిల్లలు అక్కడ గంటసేపైనా కదలరు. పోటు వచ్చిందంటే ఆ గుంటలన్నీ మునిగిపోతాయి.

పోటుకీ ఆటుకీ మధ్య దాదాపు ఆరు గంటల తేడా ఉంటుంది. పైగా ఆ సమయాలు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. కాబట్టి నాలుగైదు గంటలు ఉండేవాళ్ళకు రెంటిలో ఒకటి పోయినట్టే. ఏది పోతుందో అది ఆ రోజు అదృష్టం. డబ్బు కట్టి అంత దూరం వచ్చినవాళ్ళను అదృష్టానికి వదిలేయడం నాకు ఇష్టం లేదు. అందుకే నీల్‌లో రాత్రి బస పెడుతున్నాం.

నీల్‌లో రాత్రి ఉంటే ఇంకో లాభం, ఊరు తెలుస్తుంది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల కుటుంబాలను అక్కడ స్థిరపరిచారు. ఊళ్ళ పేర్లు రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. ఆఖరి పడవ వెళ్ళిపోయాక రోడ్లన్నీ ఊరివాళ్ళవే. కూరగాయల మళ్ళు, అరటి తోటలు, పోక చెట్ల మధ్య సైకిల్ మీద తిరగొచ్చు. ఆవపిండి వేసిన చేపల పులుసు, అన్నం, పప్పు దొరుకుతాయి. మన గోదావరి జిల్లాలవాళ్ళకు ఆ భోజనం కొత్తగా అనిపించినా పరాయిగా అనిపించదు. పోర్ట్ బ్లెయిర్‌లో అయితే మన భాషే వినిపిస్తుంది. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి.

టైమ్ గురించి ఒక మాట. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది. ఆ రేఖ కాకినాడకు దగ్గరగానే వెళ్తుంది. హావ్‌లాక్ ఉన్నది 93 డిగ్రీల దగ్గర. అంటే అక్కడ సూర్యుడు సుమారు నలభై నిమిషాలు ముందే ఉంటాడు. డిసెంబర్‌లో సాయంత్రం ఐదు దాటితే పొద్దు గుంకినట్టే. రాధానగర్ బీచ్‌కు ఐదున్నరకు తీసుకెళ్ళి సూర్యాస్తమయం చూపిస్తామనేవాళ్ళ మాట నమ్మకండి. మేం మూడింటికల్లా అక్కడ ఉంటాం. పొద్దున కాలాపత్తర్ బీచ్‌కు వెళ్ళాలంటే మాత్రం చీకటితోనే లేవాలి. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే సెలవులో కూడా నాలుగున్నరకు లేపుతారా అని కొందరు నొచ్చుకుంటారు.

రాధానగర్‌లో ఈత విషయంలో మేం చాలా గట్టిగా ఉంటాం. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. 2010లో ఆ బీచ్ పక్కనున్న చిన్న కోవ్‌లో (ఒడ్డు లోపలికి వంగిన చోట) స్నార్కెలింగ్ చేస్తున్న, అంటే మాస్క్, గొట్టం పెట్టుకుని నీటిపైన తేలుతూ ఈదుతున్న విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. లైఫ్‌గార్డులు ఎక్కడ దిగమంటే అక్కడే దిగాలి, విజిల్ వేస్తే బయటికి రావాలి. ఈ ఒక్క విషయంలో మా గైడ్‌తో వాదించొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

పగడాల గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇంటర్నెట్‌లో కనిపించే రంగురంగుల ఫోటోలు చాలావరకు లైట్లు పెట్టి లోతులో తీసినవి. నీళ్ళు మరీ వేడెక్కితే పగడాలు తమలో ఉండే సూక్ష్మమైన నాచును వదిలేసి తెల్లబడిపోతాయి. 2010లో అండమాన్‌లో అలా చాలా పగడాలు దెబ్బతిన్నాయి, 2016లోనూ ఆ దెబ్బ తగిలింది. హావ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లో మీరు చూసేదాంట్లో చనిపోయిన పగడాలూ ఉంటాయి, వాటి మీద కొత్తగా పెరుగుతున్నవీ ఉంటాయి. చేపలు మాత్రం మిమ్మల్ని నిరాశపరచవు. దయచేసి పగడాల మీద నిలబడకండి. ఏళ్ళ తరబడి పెరిగిన కొమ్మ ఒక్క కాలి బరువుకు విరిగిపోతుంది. చచ్చిన పగడమైనా సరే బ్యాగులో వేసుకోవడం చట్టప్రకారం నేరం, ఎయిర్‌పోర్ట్‌లో తీసేస్తారు.

బారాటాంగ్ దీవికి రోడ్డు ప్రయాణం మా ప్లాన్‌లో లేదు, ఉండదు కూడా. ఆ రోడ్డు జారవా ఆదివాసుల అడవి మధ్య నుంచి వెళ్తుంది. ఆ రోడ్డును అక్కడ మూసేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అయినా కాన్వాయ్‌లు (గుంపుగా వెళ్ళే వాహనాలు) నడుస్తూనే ఉన్నాయి. "జారవాలు కనిపిస్తారా?" అని అడిగి, లేదంటే బుకింగ్ మానుకున్నవాళ్ళు ఉన్నారు. పర్వాలేదు. కొన్ని వందల మందే మిగిలిన ఒక జాతిని బస్సు కిటికీలోంచి చూపించి డబ్బు తీసుకోవడం నావల్ల కాదు.

ఇక లెక్కలు. ధరలో పెరిగేది రెండు రాత్రుల గది అద్దె, భోజనాలు మాత్రమే. మా సర్వీస్ చార్జీ పాతదే. ఒక రాత్రి నీల్‌లో పెరుగుతుంది, ఒకటి చివర్లో పోర్ట్ బ్లెయిర్‌లో. ఆ చివరి రాత్రి ఎందుకంటే, గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు, అది ఎవరి చేతుల్లోనూ ఉండదు. దీవి నుంచి వచ్చిన రోజే విమానం పెట్టుకుంటే, పడవ ఆగిందంటే విమానం టికెట్ కూడా పోతుంది. టెన్షన్‌తో బీచ్‌లో కూర్చోవడం కంటే ఒక రాత్రి అద్దె నయం. అదనంగా మరో రాత్రి దీవిలో చిక్కుకుంటే ఆ గది ఖర్చు మీది, గైడ్ ఖర్చు మాది. పడవ రద్దై టికెట్ డబ్బు వాపసు వస్తే అది మొత్తం మీకే చేరుతుంది.

బ్యాచ్‌లు డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకే. నైరుతి రుతుపవనాలు కేరళకంటే ముందే, మే నెలలోనే అండమాన్‌ను తాకుతాయి. వానాకాలంలో తక్కువ ధరకు నడపమని అడిగితే మాత్రం నేను ఒప్పుకోను.

తేదీలు ఈసారి తిథి చూసి పెడుతున్నాం. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ ఆటుపోట్లు బలంగా ఉంటాయి, రాతి వంతెన దగ్గర నీళ్ళు బాగా తగ్గుతాయి. చిన్నపిల్లలున్నవాళ్ళకు ఆ బ్యాచ్ బాగుంటుంది. అష్టమి చుట్టూ తేడా తక్కువ, నీటి లాగుడు కూడా తక్కువ. స్నార్కెలింగ్ మీద ఎక్కువ ఇష్టం ఉన్నవాళ్ళు, మొదటిసారి నీళ్ళలోకి దిగేవాళ్ళు అది ఎంచుకోండి. బుక్ చేసేటప్పుడు మీకు ఏది ముఖ్యమో చెబితే ఏ బ్యాచ్ సరిపోతుందో మేమే చెబుతాం.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్ళకు ఆరు రాత్రులూ పాత ధరకే. ఆ తేడా మేమే భరిస్తాం. సెలవు దొరక్క ఆరు రాత్రులు కుదరదంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇస్తాం, కారణం కూడా అడగం. ఈ నెలాఖరులోపు ఒక్క మెసేజ్ పెడితే చాలు, గదులు ఖాయం చేసేలోపు తెలియాలి కాబట్టి.