టీకొట్టు చెల్లెమ్మకి, ఆ సాయంత్రం రోడ్డు మీద నిలబడ్డ అందరికీ

అందరికీ నమస్కారం. పోయిన నెల మా హైస్కూలు ఎదురుగా జరిగిన యాక్సిడెంటు గురించి కనబడ్డ ప్రతివాళ్లూ అడుగుతున్నారు. పాప బాగానే ఉంది. కాలి ఎముక విరిగితే కట్టు కట్టారు. మంచం మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోందని నిన్న వాళ్ల నాన్న చెప్పాడు. ఇక నేను దండం పెట్టాల్సినవాళ్లకి పెట్టకపోతే నాకు నిద్ర పట్టదు.

తెలియనివాళ్లకి చెబుతున్నాను. నేను ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యాను. రెండేళ్లుగా బడి పెట్టే వేళకి, వదిలే వేళకి ఎర్రజెండా, విజిలు పట్టుకుని పిల్లల్ని 16వ నంబరు హైవే దాటిస్తున్నాను. జీతం లేదు, టీ మాత్రం ఫ్రీ.

ఆ రోజు నాలుగు దాటింది. సగం మంది పిల్లలు డివైడరు సందులోకి చేరారు, సగం మంది ఇంకా గేటు దగ్గరే ఉన్నారు. నా జెండా చూసి లారీలన్నీ ఆగాయి. రాంగ్ రూట్లో అంచు పట్టుకుని వచ్చిన బైకు ఒక్కటే ఆగలేదు. ఏడో తరగతి పాపని గుద్ది, అదీ పడింది.

ఇక్కడ నా తప్పు దాచుకోను. జెండా, విజిలు రోడ్డు మీదే పారేసి పాప దగ్గరికి పరిగెత్తాను. జెండా లేకపోయేసరికి వెనకనున్న కార్లు ఇక దారి వచ్చిందనుకుని పక్కనుంచి కదిలాయి. డివైడరు దగ్గరి పిల్లలు స్నేహితురాల్ని చూడాలని రోడ్డు మీదకి దిగారు. నేను వాళ్లకి వీపు పెట్టి కూర్చున్నాను. ఒక్క పాపని చూస్తూ ముప్పై మందిని వదిలేశానన్నమాట. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టినవాడికి ఆ మాత్రం తెలియదా అంటే, ఆ క్షణంలో తెలియలేదు.

తెలిసింది టీకొట్టు చెల్లెమ్మకి. పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చి, ఆ జెండా తీసుకుని కార్లకి అడ్డంగా నిలబడింది. విజిలు ఊదడం రాక గొంతెత్తి అరిచింది. ఆవిణ్ణి చూసి ముందున్న లారీ డ్రైవరు నాలుగు లైట్లూ వేసి బండిని అడ్డంగా తిప్పాడు. అన్నా, నీ బండి నంబరు కూడా చూసుకోలేదు, ఎక్కడున్నా నీకు వెయ్యి దండాలు. పీఈటీ మాస్టారు గేటులోంచే పిల్లల్ని లోపలికి తోలి తరగతివారీగా లెక్కపెట్టారు. బైకు కుర్రాణ్ణి కొట్టబోయిన నలుగురినీ ఆపిందీ ఆయనే. వాడికీ చెయ్యి విరిగిందని ఆ కోపంలో ఎవరూ చూడలేదు.

పాప పిక్క నుంచి రక్తం కారుతుంటే సచివాలయం ఏఎన్ఎం అమ్మ తన చున్నీ మడిచి గట్టిగా అదిమి పట్టుకుంది. అది తడిసిపోతే తీయకుండా దానిమీదే నా తువ్వాలు వేసి అదిమింది. నీళ్లు తాగిద్దామన్నవాళ్లని వద్దంది. ఆటోలో వేసుకుపోదామన్నవాళ్లనీ ఆపింది, మెడకో వెన్నుకో దెబ్బ తగిలి ఉంటే మనమే చెడగొడతామని. నా పాత రోజులు గుర్తొచ్చాయి. 2005 ఆగస్టులో 108 రాకముందు, దారిలో దెబ్బలు తగిలినవాళ్లని కాళ్లూ చేతులూ పట్టి మా బస్సులోకే ఎక్కించేవాళ్లం. పుణ్యం చేస్తున్నామనే అనుకున్నాం.

ఫోన్ చేసిన అబ్బాయి ఎవరో పై ఊరివాడు. స్పీకరు పెట్టి, కిలోమీటరు రాయి మీది అంకె చదివి, 'విజయవాడ వెళ్లే వైపు, బడి గేటు ముందు' అని చెప్పాడు. ఏ వైపో చెప్పకపోతే అంబులెన్సు డివైడరు అవతల వచ్చి ఆగుతుంది, తిరిగి రావాలంటే ఇంకో సందు దాకా పోవాలి. కానిస్టేబులు రాగానే ఆ అబ్బాయి మెల్లగా జారుకోబోయాడు. కానిస్టేబులే పిలిచి, సాయం చేసినవాళ్లు పేరు చెప్పాలన్న బలవంతం లేదని, 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణ పెట్టారని చెప్పి టీ ఇప్పించాడు. ఇద్దరికీ థాంక్స్.

108లో వచ్చిన తమ్ముళ్లకి ప్రత్యేకంగా. మూణ్ణెల్ల కిందట మాకు పీహెచ్‌సీలో ఒక పూట ట్రైనింగు ఇచ్చింది వాళ్లే. బొమ్మ గుండె మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కమంటే నేను నవ్వాను. ఈ వయసులో నాకెందుకివన్నీ అన్నాను కూడా. కిలోమీటరు రాయి సంగతి ఆ రోజు చెప్పిందే. నేను మర్చిపోయాను, పక్కన నిలబడి విన్న టీకొట్టు చెల్లెమ్మ ఆ అబ్బాయికి గుర్తు చేసింది.

ఇప్పుడు ఇద్దరం నిలబడుతున్నాం. ఒకరు దెబ్బ తగిలినవాళ్ల దగ్గరికి పోతే రెండోవాళ్లు జెండా వదలరు. గాజుగుడ్డ, బ్యాండేజి చుట్టలు, కత్తెర, గ్లౌజులు, ఇంకో విజిలు, కిలోమీటరు నంబరు రాసిన అట్ట, అన్నీ ఒక సంచిలో పెట్టి టీకొట్టు మేకుకి తగిలించాం. సంచి కొనిచ్చిన పదో తరగతి తల్లిదండ్రులకి థాంక్స్.

ఏఎన్ఎం అమ్మకి కొత్త చున్నీ కొన్నాను, బతిమాలితే తీసుకుంది. టీకొట్టు చెల్లెమ్మ మాత్రం ఆ రోజు పొంగిపోయిన నాలుగు లీటర్ల పాల డబ్బులు ఇంకా తీసుకోనంటోంది. ఎవరైనా చెప్పి ఒప్పించండి.