మా స్టింగ్‌రే బతికిందంటే మీ చలవే అన్నా

మా స్టింగ్‌రే, అదే పళ్లెంలా చదునుగా ఉండే మా అక్వేరియం చేప, మళ్లీ తింటోంది. నిన్న సాయంత్రం వానపామును ముక్కలు చేసి వేస్తే, ఇసుక మీద జారుకుంటూ వచ్చి, ముక్క మీద గొడుగులా కప్పుకుని మింగేసింది. వెంటనే మీరే గుర్తొచ్చారన్నా.

మూడు వారాల కిందట అరచేయంత పిల్లను తెచ్చాను. ఇంతకంటే పెరగదని అమ్మినాయన చెప్తే నమ్మాను. అక్వేరియం కొత్తది. నీళ్లు తేటగా ఉన్నాయి కదా, చాలనుకున్నాను. మూడో రోజుకే తిండి మానేసింది. నాలుగో రాత్రి చూస్తే ఒంటి అంచులు పైకి ముడుచుకుపోయాయి, కళ్ల వెనక రంధ్రాలు గబగబా కొట్టుకుంటున్నాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ముఖపరిచయం మాత్రమే ఉన్న నా ఫోన్ మీరు రాత్రి పదకొండింటికి ఎత్తారు.

"ముందు అమ్మోనియా చూడు తమ్ముడూ" అన్నారు. టెస్ట్ కిట్ 1 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో ఒకటి, చూపించింది. చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే విషం కాబట్టి అది సున్నా ఉండాలని అప్పుడే తెలిసింది. మందు వేయబోతే ఆపారు. రాగి ఉన్న మందులు స్టింగ్‌రేకి ప్రమాదమట. క్లోరిన్ తీసేసి, అదే వేడికి తెచ్చిన నీళ్లతో సగం మార్పించారు. అదంతా అయ్యేదాకా ఫోన్ పెట్టలేదు.

తెల్లారేసరికి మీ అక్వేరియంలో ఏళ్లుగా నడుస్తున్న స్పాంజి ఫిల్టర్‌ను, మీ అక్వేరియం నీళ్లతోనే బకెట్‌లో పెట్టుకుని వచ్చారు. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని అంత హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా అందులోనే ఉంటుందని, కొత్త ఫిల్టర్‌లో అది స్థిరపడటానికి వారాలు పడుతుందని చెప్పారు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే దానికి ఆ కష్టం వచ్చేది కాదు. తర్వాత పొట్ట గీసుకుపోతుందని గులకరాళ్లన్నీ మీ చేత్తోనే ఏరి, సన్నటి ఇసుక పోశారు. ఆనుకుని పడుకుంటే కాలుతుందని హీటర్ చుట్టూ గార్డు కట్టారు. తోక మీది ముల్లు చూపించి, పొరపాటున గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పెట్టి ఆసుపత్రికి పరుగెత్తమన్నారు.

పెద్దదైతే వెడల్పే 45 సెంటీమీటర్లు దాటొచ్చని, ఈ అక్వేరియం సరిపోదని చెప్పేటప్పుడు కూడా ఒక్క మాట కసరలేదు. "పెద్దది కట్టించలేకపోతే నా దగ్గరికి తీసుకొచ్చెయ్, దాన్ని మాత్రం ఇరుకులో పెట్టకు" అన్నారు. కట్టిస్తున్నానన్నా, కొలతలు మీరు చెప్పినవే.

ఆదివారం పూట మిమ్మల్ని మా ఇంటికి పంపిన వదినగారికి కూడా నా నమస్కారాలు. తొమ్మిది రోజులుగా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. మీ స్పాంజి ఫిల్టర్ పక్కనే నా కొత్త ఫిల్టర్ నడుస్తోంది. అది నిలదొక్కుకోగానే మీది తెచ్చిస్తాను.